తెలుగు ఆరాధన లేని ఊళ్లో ఏ చర్చికి వెళ్లాలి? రాయగడ నుంచి ఒక జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. టెక్కలి దగ్గర బాప్టిస్టు సంఘంలో పెరిగారు. మీవారి ఉద్యోగం వల్ల ఒడిశాలోని రాయగడ వచ్చి ఏడాది కావస్తోంది. ఇంటికి దగ్గర్లో ఉన్నది ఒడియా లూథరన్ చర్చి. పాటలు నోటికి రావట్లేదు, ప్రసంగం సగం అర్థం కావట్లేదు, అందుకని ఆదివారం పొద్దున్న ఫోన్లో తెలుగు ఆరాధన పెట్టుకుని ఇంట్లోనే కూర్చుంటున్నారు. మీ పాప మాత్రం పక్కింటివాళ్లతో సండే స్కూలుకి వెళ్లి ఒడియాలో ప్రార్థన నేర్చుకొచ్చింది, అది విని మీ అత్తగారు నొచ్చుకున్నారు. రెండేళ్ల బాబుకి బాప్తిస్మం ఇప్పించమని అక్కడి పాస్టరుగారు అడిగారు. దశమభాగం, అంటే సంపాదనలో పదోవంతు కానుక, ఇక్కడ ఇవ్వాలో ఊరికి పంపాలో తేలట్లేదు. ఇన్ని రాసి చివర్లో "ఆన్‌లైన్ ఆరాధన చాలదా అండీ, ఒక్క ముక్కలో చెప్పండి" అన్నారు.

ఒక్క ముక్కలో అయితే, చాలదు. కానీ ఆ ముక్క చెప్పి ఊరుకుంటే మీ ఇబ్బంది తీరదు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. నేను బొబ్బిలి వైపు పుట్టి, పెళ్లయి ఇటు వచ్చినదాన్ని. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. స్త్రీల సమాజం కార్యదర్శి పనీ, సండే స్కూలు పనీ చాలా ఏళ్లు చేశాను. మీలాగే బదిలీ మీద వచ్చి, ఆదివారం ఎక్కడికి వెళ్లాలో తోచక తలుపులు వేసుకు కూర్చున్న కుటుంబాల్ని బాగానే చూశాను. సంఘంగా కూడుకోవడం మానకూడదని చెప్పే హెబ్రీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయం 25వ వచనం చూపించి మిమ్మల్ని భయపెట్టను. ఆ వచనం మీకు కంఠతా వచ్చే ఉంటుంది, దాన్ని చూపించి ఎవరినీ చర్చికి రప్పించగలిగినవాళ్లని నేనింతవరకు చూళ్లేదు.

ఫోన్లో వచ్చే ప్రసంగం తప్పని అనట్లేదు. వంట చేసుకుంటూ నేనూ వింటాను. మన తెలుగు బోధకుల్లో వాక్యాన్ని చక్కగా విడమరిచి చెప్పేవాళ్లున్నారు. కానీ ఆ ఫోన్లో బోధించే ఆయనకి మీరొకరు ఉన్నారనే తెలీదు. నాలుగు వారాలు మీరు కనబడకపోతే "ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా" అని అడిగే మనిషి అక్కడ లేడు. ప్రభు బల్ల, అంటే సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, ఫోన్లోంచి రాదు. ఇంట్లో కూర్చుని బిస్కట్టూ ద్రాక్షరసమూ తీసుకునే పద్ధతి కరోనా రోజుల్లో కొందరు మొదలుపెట్టారు గానీ, లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా దాన్ని పట్టుకుని వేలాడటం నాకు నచ్చలేదు. ఒకే రొట్టెలో పక్కవాడితో పాలు పంచుకోవడమే కదా ఆ బల్ల అర్థం. ఆ పక్కవాడితో మనకి పొసగకపోయినా సరే.

ఇంకో సంగతి, చెప్పడానికి బాగుండదు గానీ చెప్పక తప్పదు. ఇంట్లో ఎవరైనా ప్రభువు దగ్గరికి వెళ్తే సమాధి ఎక్కడ? ఇటువైపు ఊళ్లలో సమాధుల తోటలు ఎక్కువగా సంఘాలవే. సభ్యత్వం లేదని కాదనేవాళ్లు తక్కువ. కానీ ఆ దుఃఖంలో పాస్టరుగారిని మొదటిసారి పరిచయం చేసుకుని, కమిటీ పెద్దల్ని వెతుక్కుని, స్థలం అడగటం ఎంత కష్టమో ఒక తెలుగు కుటుంబం విషయంలో చూశాను. ఆ ఇంటాయన ఆదివారం ఆదివారం రైలెక్కి పార్వతీపురం తెలుగు చర్చికి వెళ్లొచ్చేవాడు. భక్తిపరుడే, వంక పెట్టడానికి లేదు. ఆయన పోయిన రోజున పార్వతీపురం నుంచి సంఘంవాళ్లు వచ్చారు, పాపం, చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే పెట్టె చేయించిందీ, గొయ్యి తవ్విందీ, వచ్చినవాళ్లకి టీ కాచి పోసిందీ ఆయన ఏనాడూ గడప తొక్కని ఒడియా చర్చి కుర్రాళ్లు. వాళ్లకి ఆయన పేరు కూడా సరిగ్గా తెలీదు. ఆ రోజు నుంచి ఎవరడిగినా ఒకటే చెప్తున్నాను: మీకు కష్టం వస్తే నడిచి రాగలిగినంత దూరంలో ఉన్న సంఘమే మీ సంఘం. ప్రసంగం ఎలా ఉంటుందన్నది ఆ తర్వాత సంగతి.

ఇక భాష. మీరు చర్చిలో చుట్టూ చూసి, అందరూ ఒడియావాళ్లే, నేనొక్కదాన్నే పరాయిదాన్ని అనుకుంటున్నారు. ఆరాధన అయ్యాక వెంటనే ఇంటికి పరుగెత్తకుండా ఓ పావుగంట చెట్టుకింద నిలబడి మాటలు వినండి. ముందు వరసలో కూర్చునే ముసలామె కోడలితో కువి మాట్లాడుతుంది. గుణుపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం సొరలో మాట్లాడుకుంటుంది. కోరాపుట్ నుంచి వచ్చినవాళ్లు దేశియా. ఆరాధన పుస్తకంలో ఉన్న ఒడియా భాష వాళ్లలో చాలామందికి తల్లి దగ్గర నేర్చుకున్నది కాదు, బడిలోనో చర్చిలోనో నేర్చుకున్నదే. అంటే మీరు పడుతున్న తంటా వాళ్లో వాళ్ల అమ్మానాన్నలో ఒకసారి పడ్డారు. కువి, కుయి మన తెలుగులాగే ద్రావిడ భాషలు కూడానూ. చెవి పెట్టి వింటే అక్కడక్కడ మన ఇంటి మాటలాంటిది తగిలి ఉలిక్కిపడతారు.

నేర్చుకోవడం మీరనుకున్నంత కష్టం కాదు. ఒడియా అక్షరమాల వరస మనదే: అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. గుండ్రటి తలకట్టు చూసి బెదిరిపోతారు గానీ, రోజూ కాసేపు కూర్చుంటే నెల రెండు నెలల్లో అక్షరం పట్టుబడుతుంది. కొత్త వాక్యాలతో మొదలుపెట్టకండి. మీకు నిద్రలో లేపినా చెప్పగలిగినవి తీసుకోండి: పరలోక ప్రార్థన, 23వ కీర్తన, యోహాను 3:16, పది ఆజ్ఞలు. అర్థం ముందే తెలుసు కాబట్టి కళ్లు అక్షరం మీదే ఉంటాయి. పరలోక ప్రార్థన ఒడియాలో చదివితే స్వర్గ, పితా, నామ, పవిత్ర, రాజ్య, ఇచ్ఛ అన్నీ మీకు తెలిసిన మాటలే. ఫోన్లో ఒడియా బైబిలూ తెలుగు బైబిలూ రెండూ ఉచితంగా దొరుకుతాయి, చదివి వినిపించేవీ ఉన్నాయి. శనివారం సాయంత్రం పాస్టరుగారికో సండే స్కూలు టీచరుకో మెసేజ్ పెట్టి రేపటి వాక్యభాగం ఏదని అడగండి. దాన్ని రాత్రే తెలుగులో చదువుకుని వెళ్తే ప్రసంగంలో సగం దానంతటదే తెలుస్తుంది. లూథరన్ సంఘాల్లో ఏ ఆదివారం ఏ భాగం చదవాలన్నది సంవత్సరం పొడుగునా ముందే నిర్ణయమై ఉంటుంది, కాబట్టి ఈ అడగటం వాళ్లకి వింతగా ఉండదు. పాటలకి తొందరపడకండి. నాలుగు పాటలు పట్టుబడితే చాలు, ఆ నాలుగే తిప్పి తిప్పి పాడతారు. ఇది మన తెలుగు చర్చిల్లోనూ అంతే కదా!

మీ అత్తగారి సంగతి. ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది. మనవరాలు తన పక్కలో కూర్చుని చేసే ప్రార్థన తనకే అర్థం కాకపోతే ఏ నాయనమ్మకైనా కష్టమే. కానీ పాప నోట్లోంచి ఒడియా తీసేస్తే తెలుగు వచ్చి కూర్చోదు. పాపని సండే స్కూలులో ఒడియాలోనే నేర్చుకోనివ్వండి, స్నేహితులంతా అక్కడే ఉన్నారు. రాత్రి కుటుంబ ప్రార్థన మాత్రం తప్పకుండా తెలుగులో పెట్టుకోండి. తెలుగు బడి లేని ఊళ్లో మన పిల్లలకి అక్షరం అబ్బేది ఈ కుటుంబ ప్రార్థన దగ్గరే. ఇటువైపు స్థిరపడ్డ తెలుగు క్రైస్తవ ఇళ్లల్లో బడిలో ఒక్క రోజు తెలుగు చదవకపోయినా కీర్తనల పుస్తకం గడగడా చదివేవాళ్లున్నారు. మా ఇంట్లోనే ఉన్నారు. వారానికి ఒక కీర్తన పాప చేత తెలుగులో చదివించి, ఆదివారం సాయంత్రం నాయనమ్మకి ఫోన్ చేసి అప్పజెప్పించండి. తప్పులు ఆవిడే దిద్దుతారు. ఆవిడకీ ఒక పని ఉంటుంది, ఈ ఫిర్యాదులు సగానికి తగ్గుతాయి. (అత్తగారు ఇది చదువుతుంటే క్షమించాలి.)

"ఒడియా చర్చి మనది కాదు" అని ఆవిడ అంటే ఈ కథ చెప్పండి. మీ బాప్టిస్టు సంఘాల పుట్టుకలోనే ఒడిశా ఉంది. కటక్‌లో పనిచేసిన ఆమోస్ సట్టన్ అనే ఇంగ్లీషు బాప్టిస్టు మిషనరీ 1835లో అమెరికా వెళ్లినప్పుడు, తెలుగువాళ్ల మధ్యకి ఎవరినైనా పంపండని అక్కడి బాప్టిస్టుల్ని అడిగాడు. ఆ మాట మీదే శామ్యూల్ డే బయల్దేరి 1836లో ఈ దేశం చేరి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టులు ఆ తర్వాత ఉత్తరాంధ్ర మీదుగా పర్లాకిమిడి దాకా వచ్చారు. మన పాత కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరిగారు ఈ పర్లాకిమిడి వైపువారే, బాప్తిస్మం తీసుకున్నది 1833లో, కటక్‌లో. అప్పటికి గంజాం, కోరాపుట్ ప్రాంతాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాకే ఈ సరిహద్దు గీత పడింది. పర్లాకిమిడి జమీ రెండు ముక్కలై, మీ టెక్కలి అటుపక్క ఉండిపోయింది. మీ ఎదురుగా ఉన్న లూథరన్ సంఘం కూడా అలాంటిదే. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన మిషనరీలతో మొదలైంది, సాలూరు, కోరాపుట్, జైపూర్ (రాజస్థాన్‌ది కాదు, కోరాపుట్ దగ్గరిది) అంటూ ఘాట్‌కి అటూ ఇటూ పనిచేశారు. ఇప్పుడు దాన్ని జైపూర్ ఎవాంజెలికల్ లూథరన్ చర్చి అంటారు.

ఇక మీరు పక్కన ఒక వాక్యంలో రాసి వదిలేసిన సంగతి. కాలనీలో ఇంకొక తెలుగు కుటుంబంవాళ్లు "అది కొండవాళ్ల చర్చి, మనకెందుకు" అన్నారని రాశారు. మీరు దాన్ని సమర్థించలేదు, కాదనీ అనలేదు. నేను కాదంటున్నాను. ఈ మాట నేను కొత్తగా వినట్లేదు. ఉద్యోగాల మీద వచ్చిన మన తెలుగువాళ్లు కొందరు గిరిజన విశ్వాసుల పక్కన చాప మీద కూర్చోలేక, కాలనీ హాల్లో పది కుటుంబాలతో ఒక కూడిక పెట్టుకుని, దానికి కీబోర్డూ మైకూ కొని, ఏడాది తిరిగేసరికి పాస్టరు ఎవరనే గొడవలో రెండు ముక్కలు చేసుకుంటారు. ఆంధ్రలో చర్చికీ చర్చికీ మధ్య కులం ఎలా పనిచేస్తుందో మనకి తెలియంది కాదు. దాన్ని సామాన్లతో పాటు లారీలో వేసుకుని ఇక్కడికి తేనక్కర్లేదు. ఆ కొండవాళ్లు వారం పొడుగునా కూలి చేసి, శనివారం రాత్రే బయల్దేరి నడిచి ఆరాధనకి వచ్చినవాళ్లు. వాళ్ల స్త్రీలు ప్రతి పూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడ్డలో మూటకట్టి తెస్తారు. ఆ పిడికెడు బియ్యంతో ఎన్నో చిన్న సంఘాల్లో పాస్టరుగారి ఇల్లు నడుస్తోంది.

తెలుగు కూడికే వద్దని అనట్లేదు. మనసులో బాధ చెప్పుకుని ఏడవాలంటే సొంత భాష కావాలి, అది ఎవరికైనా నిజం. బుధవారం సాయంత్రమో శనివారమో నాలుగు తెలుగు ఇళ్లవాళ్లు కలిసి ప్రార్థించుకోండి. పాత కీర్తనలు పాడుకోండి. పాస్టరుగారికి చెప్పి చేయండి, దాచి చేయకండి. ఆదివారం పొద్దున్న ఆరాధన సమయానికి మాత్రం పెట్టకండి. యిర్మీయా 29వ అధ్యాయంలో బబులోనుకి చెరపట్టబడి వెళ్లినవాళ్లకి వచ్చిన ఉత్తరం ఒకసారి చదవండి. ఇళ్లు కట్టుకోమనీ, తోటలు నాటుకోమనీ, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించమనీ రాశాడు. మీరు చెరలోకేమీ రాలేదు, ప్రమోషన్ మీద వచ్చారు. మరింత తేలిక.

బాబు బాప్తిస్మం విషయంలో తొందరొద్దు. ఇది రెండు సంఘాల మధ్య నిజమైన తేడా. పాస్టరుగారు పట్టుబట్టి అడగట్లేదు, వాళ్ల పద్ధతి అది. లూథరన్లకి బాప్తిస్మం దేవుడు మనిషికి చేసే పని, కాబట్టి పసిబిడ్డకీ ఇస్తారు. పిల్లలు పెద్దయ్యాక, సాధారణంగా పద్నాలుగు పదిహేనేళ్లప్పుడు, లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం చదివించి కన్ఫర్మేషన్ (తమ విశ్వాసాన్ని సంఘం ముందు స్థిరపరచుకోవడం) ఇస్తారు, ఆ తర్వాతే బల్లకి రానిస్తారు. మీ బాప్టిస్టులకి బాప్తిస్మం మనిషి తన నోటితో విశ్వాసం ఒప్పుకున్నాక నీళ్లలో మునిగి తీసుకునేది, పసిపిల్లలకి ప్రతిష్ఠ ప్రార్థన ఒక్కటే. రెండు పక్షాలకీ వాక్యం ఉంది, ఈ వాదన మన తరంలో తెగేది కాదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇప్పుడు మొహమాటానికి ఇక్కడ ఇప్పించి, పదిహేనేళ్ల తర్వాత టెక్కలి వెళ్లి మళ్లీ ముంచి ఇప్పిస్తే, లూథరన్లు మేమిచ్చింది బాప్తిస్మం కాదంటున్నారా అని నొచ్చుకుంటారు. పిల్లవాడు ఇద్దరి మధ్య నలుగుతాడు. మీరూ మీవారూ కూర్చుని ఏది నమ్ముతున్నారో తేల్చుకోండి, బాబుకి ఒకసారే జరగాలి. మీ బాప్టిస్టు నమ్మకంలోనే ఉండాలనుకుంటే పాస్టరుగారికి సూటిగా చెప్పండి: "అయ్యగారూ, మేం ఆరాధనకి వస్తాం, సంఘంలో పని చేస్తాం, బాబు పెద్దయ్యాక తనే అడిగి తీసుకుంటాడు." నాకు తెలిసిన ఏ పాస్టరూ దీనికి కోప్పడలేదు. బల్ల విషయం కూడా అప్పుడే అడగండి. మీరిద్దరూ బాప్తిస్మం పొందినవాళ్లే కాబట్టి రానిస్తారనే నా నమ్మకం, అయినా అడిగి వెళ్లడం మర్యాద.

దశమభాగం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అన్నం తిన్న చోట ఇవ్వండి. నెలకింత ఇక్కడి సంఘానికి, మీ పుట్టింటి సంఘంలో కోత పండుగకో కట్టడానికో విడిగా ఓ కానుక. తెర మీద స్కానర్ బొమ్మ పెట్టి, ఇంత పంపితే ఇంత దీవెన అని లెక్కలు చెప్పేవాళ్లకి మాత్రం రూపాయి పంపకండి. నేను లెక్కల టీచర్ని, ఆ లెక్క ఎటునుంచి చేసినా ఆయన ఖాతాలోకే తేలుతుంది.

చేయవలసినవి ఇవీ. టెక్కలి పాస్టరుగారి దగ్గర మీ కుటుంబం పేరుమీద సభ్యత్వ బదిలీ ఉత్తరం తెప్పించుకోండి, మీ ఇద్దరి బాప్తిస్మం సర్టిఫికెట్ల నకళ్లు కూడా. రేపు పాప పెళ్లినాటికి ఇవన్నీ అడుగుతారు. చర్చిలో పెళ్లికి 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టమే ఇప్పటికీ ఆధారం, సంఘంలో ముందుగా ప్రకటన చదవాలన్నా మీ పేరు పుస్తకంలో ఉండాలి. వెళ్లిన మొదటి ఆదివారమే కొత్తవాళ్లని లేచి నిలబడమంటారు. రెండు మాటలు ఒడియాలో చెప్పగలిగితే చెప్పండి, లేదా తెలుగులోనే చెప్పండి, ఇటువైపు తెలుగు అర్థమయ్యేవాళ్లు మీరనుకున్నదానికంటే ఎక్కువ. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటారు, మీవారిని ముందే హెచ్చరించండి. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలీకపోతే ముందు కూర్చున్న ఆవిణ్ని చూసి చేసేయండి. స్త్రీల సమాజం వారం మధ్యలో కూడుతుంది. ఆదివారం నెలల తరబడి వచ్చినా కలవని మనసులు అక్కడ రెండు వారాల్లో కలుస్తాయి, ఎందుకంటే అక్కడ ప్రసంగం తక్కువ, కష్టసుఖాలు ఎక్కువ.

కోతలయ్యాక కృతజ్ఞతల పండుగ వస్తుంది. ఆ రోజు తప్పిపోకండి. కొత్త ధాన్యం, చోళ్లు, పసుపు, అల్లం, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక్కోసారి మేకపిల్ల కూడా బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక అన్నీ ఆరుబయట వేలం వేస్తారు. ఒక్క నిమ్మకాయకి ఇద్దరు పెద్దమనుషులు పంతానికి పోయి పాడుతుంటే పిల్లలు పడీపడీ నవ్వుతారు. వేలం పాటలో అంకెలన్నీ ఒడియాలోనే నడుస్తాయి కాబట్టి, పరలోక ప్రార్థన తర్వాత ఒకటి నుంచి వంద దాకా కూడా నేర్చేసుకోండి. లేకపోతే గుమ్మడికాయ కొందామని వెళ్లి కోడిపుంజుతో ఇంటికొస్తారు.